ఖాజాగూడ గుట్టల మీద ఎంత ఏరినా చెత్త తగ్గట్లేదు, ఎక్కడ తేడా కొడుతోంది?

గుట్టమీద_గౌరి
మేం డిగ్రీ, ఇంజనీరింగ్ చదివే పిల్లలం. వానలు తగ్గిన దగ్గర్నుంచి ఆదివారం పొద్దున్నే హైదరాబాద్‌లోని ఖాజాగూడ గుట్టల మీద చెత్త ఏరుతున్నాం. సంస్థ ఏమీ కాదు, ఒక వాట్సాప్ గ్రూపు అంతే. ఒక్కోసారి పాతిక మంది దాకా వస్తారు, పరీక్షలప్పుడు అయిదారుగురమే. బీరు సీసాలు, చిప్స్ ప్యాకెట్లు, బిర్యానీ డబ్బాలు, కేకు పెట్టెలు అన్నీ బస్తాల్లోకి ఎత్తి కింద రోడ్డు పక్కన పెడతాం. మళ్లీ వారం వెళ్లేసరికి పైన అంతే చెత్త, కింద పెట్టిన బస్తాల్లో సగం కుక్కలు చింపేసి ఉంటాయి. పోయినసారి మాట్లాడుకున్న ట్రాలీ కూడా రాలేదు. మనం తీస్తున్నాం కాబట్టే వాళ్లు వేస్తున్నారని మా గ్రూపులోనే కొందరు అంటున్నారు. నాకైతే ఆపాలని లేదు, ఆ బండల మధ్య తిరిగి పెరిగిన దాన్ని. కానీ ఇలాగే చేస్తే పిల్లలు విసిగిపోయి రావడం మానేస్తారు. ఈ పని చేసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి, ఫొటోల కోసం కాదు, నిజంగా ఆ చోటు బాగుపడాలంటే ఏం చేయాలి?

పన్నుకట్టేవాడు
ఇది మీ పని కాదమ్మా. ఆస్తి పన్ను కడుతున్నాం, జీతాలు తీసుకునేవాళ్లు ఉన్నారు. మీరు చేస్తున్నంత కాలం అడిగేవాడు ఉండడు, చేసేవాడు ఉండడు. ఆదివారం పుస్తకం పట్టుకుని చదువుకోండి, లేదా అదే పాతిక మంది వెళ్లి ఆఫీసు ముందు కూర్చోండి.

రాతిపిచ్చి
పైన సార్ చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటా. అడగాల్సిందే. కానీ అడిగే హక్కు ఎక్కువ ఎవరికి ఉంటుందంటే అక్కడికి రోజూ వెళ్లేవాళ్లకే.

నేను చాలా ఏళ్లుగా ఆ గుట్టలెక్కుతున్నా. హైదరాబాద్ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. మన కళ్లముందే ఎన్ని బండలు పిండి చేసి కంకర కింద అమ్మేశారో లెక్కలేదు. సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్లు 1996 నుంచి ఈ రాళ్ల కోసం మొత్తుకుంటున్నారు, జనాన్ని వెంటబెట్టుకుని రాళ్ల మధ్య నడకలు పెడుతున్నారు. జనం వెళ్లి చూసే గుట్టకు అంతో ఇంతో నోరుంటుంది. ఎవరూ వెళ్లని గుట్ట ముందు చెత్తకుప్ప అవుతుంది, తర్వాత ‘ఎలాగూ చెత్తకుప్పే కదా’ అని ప్లాటు అవుతుంది. గౌరీ, మీరు మానకండి.

నామాలకోడి
మానకండి సరే, కానీ పద్ధతి మార్చాలి. నేను అమీన్‌పూర్ చెరువు దగ్గర పక్షులు చూడ్డానికి వెళ్తుంటా. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. ప్రకటించినంత మాత్రాన చెత్త ఆగలేదు, అది వేరే కథ. అక్కడికి ఒకసారి ఒక కాలేజీ వాళ్లు రెండు బస్సుల్లో వచ్చారు. గంటన్నర హడావుడి, డ్రోన్ ఫొటో, టిఫిన్. వాళ్లు వెళ్లిపోయాక చూస్తే టిఫిన్ ప్లేట్లు గట్టు మీదే ఉన్నాయి, ‘చెరువును కాపాడుదాం’ అన్న ఫ్లెక్సీ కూడా తుమ్మచెట్టుకు అలాగే వేలాడుతోంది. ఆ ఫ్లెక్సీ నేనూ ఇంకో పెద్దాయనా విప్పి తెచ్చాం. గౌరి వాళ్లు ప్రతివారం వెళ్తున్నారు, అది చాలా పెద్ద తేడా.

ఎన్ఎస్ఎస్_మాజీ
కాలేజీలన్నిటినీ ఒకే గాటన కట్టకండి. ఎన్ఎస్ఎస్, అంటే విద్యార్థుల జాతీయ సేవా పథకం, మొదలైంది 1969 సెప్టెంబర్ 24న, గాంధీ శతజయంతి ఏడాదిలో. రెండేళ్లలో 240 గంటల సేవ, ఒక ఏడు రోజుల క్యాంపు ఉంటుంది. గంటల లెక్క కోసం వచ్చేవాళ్లు ఉంటారు, నిజమే. కానీ గంటల కోసం వచ్చి అక్కడే పాతుకుపోయినవాళ్లను కూడా నేను చూశాను. మా బ్యాచ్‌లో ఒకబ్బాయి అటెండెన్స్ కోసమే వచ్చాడు, ఇప్పుడు సొంత ఊళ్లో కుంట పూడిక తీయించే పనిలో ఉన్నాడు.

గౌరీ, ఒక్క ప్రశ్న. మీరు మొత్తం గుట్టంతా తిరుగుతున్నారా, ఒకే చోట చేస్తున్నారా?

గుట్టమీద_గౌరి
ఎక్కడ ఎక్కువ కనిపిస్తే అక్కడ సార్. ఒక వారం గుడి వైపు, ఒక వారం దర్గా వైపు, ఇంకోసారి వెనకాల.

ఎన్ఎస్ఎస్_మాజీ
ఇక్కడే తేడా కొడుతోంది. పాతిక మందితో అంత గుట్ట ఏ వారానికావారం అయ్యేది కాదు. ఒక్క ముక్క పట్టుకోండి. ఈ బండ దగ్గర్నుంచి ఆ మెట్ల దాకా అని. అది పూర్తిగా శుభ్రమై, కనీసం రెండు మూడు నెలలు శుభ్రంగా నిలబడితే అప్పుడు పక్క ముక్క. పిల్లలకు కూడా కంటికి కనిపించే ఫలితం ఉండాలి, లేకపోతే ఎన్నాళ్లు వస్తారు?

డల్లాస్_బాబాయి
సార్ మాటకే నా ఓటు. ఇక్కడ టెక్సాస్‌లో ‘అడాప్ట్ ఎ హైవే’ అని 1985లో టైలర్ అనే ఊళ్లో మొదలైంది. ఒక గుంపుకు రెండు మైళ్ల రోడ్డు రాసిస్తారు, పేరుతో బోర్డు పెడతారు. ఏడాదిలో కొన్నిసార్లు శుభ్రం చేయడం ఆ గుంపు బాధ్యత. మా తెలుగు పిల్లలు కూడా ఒక ముక్క తీసుకున్నారు. బోర్డు మీద పేరుందని ఎంత గర్వమో వాళ్లకి! సంచులు, చొక్కాలు రోడ్డు శాఖే ఇస్తుంది, నిండిన సంచులు కూడా వాళ్లే వచ్చి ఎత్తుకెళ్తారు. ఆ చివరిది లేకపోతే పథకం ఎప్పుడో మూలపడేది.

పన్నుకట్టేవాడు
అదేగా నేను చెప్పింది. అక్కడ ఎత్తుకెళ్లడానికి శాఖ ఉంది. ఇక్కడ ట్రాలీకి దిక్కులేదు.

అమ్మచీపురు
ఈ థ్రెడ్ మొదట్నుంచి చదువుతున్నా, రాయాలా వద్దా అనుకుంటూ. మా అమ్మ పారిశుద్ధ్య కార్మికురాలు. ఎక్కడ చేస్తుందో చెప్పను. ఆదివారం మీలాంటి మంచి పిల్లలు ఎత్తి రోడ్డు పక్కన పెట్టిన బస్తాలు సోమవారం తెల్లారి ఎత్తేది మా అమ్మలాంటి వాళ్లే. ఆ బస్తాల్లో పగిలిన సీసాలు ఉన్నాయని బయటికి తెలియదు. ఎత్తి భుజానికి ఆనించుకుంటే గాజుముక్క బస్తాలోంచి పొడుచుకొచ్చి చెయ్యి తెగింది. కుట్లు పడ్డాయి. ఇచ్చిన గ్లౌజులు పల్చటివి, గాజుకు ఆగవు.

గౌరిగారూ, మిమ్మల్ని తప్పు పట్టడానికి రాయలేదు. మీరు చేసేది నాకు నచ్చింది. కానీ ఇల్లు ఊడ్చి చెత్త గుమ్మంలో పోసినట్టు కాకూడదు. కిందికి తెచ్చాక అది ఎవరి చేతుల్లోకి వెళ్తుందో ఆ మనిషిని ఒకసారి కలిసి మాట్లాడండి. ఆమె ఏ రోజు వస్తుంది, బండి ఎన్నింటికి వస్తుంది, ఎంత బరువైతే ఎత్తగలదు, అడగండి. మా అమ్మను ఇంతవరకు ఎవరూ అడగలేదు.

రాతిపిచ్చి
ఇది చదివాక కాసేపు ఏం రాయాలో తోచలేదు. అమ్మగారి చెయ్యి ఇప్పుడెలా ఉంది?

అమ్మచీపురు
తగ్గిందన్నా. చిటికెనవేలు పూర్తిగా మడవలేకపోతోంది, అయినా పనికి వెళ్తోంది.

గుట్టమీద_గౌరి
మీరు రాయడం చాలా మంచిదైంది. సీసాలు విడిగా పెట్టాలి, అది ఈ ఆదివారం నుంచే. దేంట్లో పెడితే మంచిది? మా దగ్గర సిమెంటు బస్తాలే ఉన్నాయి.

పాతసామాను_రవి
నాది స్క్రాప్ షాపు, కాబట్టి తెలిసింది చెప్తా. గాజు బస్తాలో వద్దు, ఖాళీ పెయింటు డబ్బాలు వాడండి. 20 లీటర్లవి, పెయింటు పనివాళ్ల దగ్గర తక్కువకే దొరుకుతాయి. మూత ఉంటుంది, పట్టుకోవడానికి కడ్డీ ఉంటుంది. పైన మార్కర్‌తో ‘గాజు’ అని రాయండి. పగలని బీరు సీసాలు మేం కొంటాం. పగిలినది మా దగ్గర ఎవరూ కొనరు, కానీ డబ్బాల్లో తెస్తే పెట్టుకుంటాను, లోడు అయ్యాక గాజు కరిగించే వాళ్లకు పంపిస్తా. నీళ్ల సీసాలు, కూల్ డ్రింక్ డబ్బాలు తీసుకుంటా. చిప్స్ ప్యాకెట్లు, గుట్కా పొట్లాలు మాత్రం నాకొద్దు. వాటిలో ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు అంటుకుపోయి ఉంటాయి, విడదీయలేం. అవి సిమెంటు ఫ్యాక్టరీల బట్టీల్లో మండించడానికి తప్ప పనికిరావు.

అంటే ఏరేటప్పుడే మూడు రకాలుగా ఏరాలి. గాజు, కొనేది, కొననిది. కిందికి తెచ్చాక విడదీద్దాం అంటే ఎవరూ విడదీయరు, ఎండ ఎక్కేసరికి అందరికీ ఆకలి.

నామాలకోడి
రవి అన్నా, ఒంటరి చెప్పులు కొంటావా? చెరువు దగ్గర ఎప్పుడూ ఒక్క చెప్పే దొరుకుతుంది, రెండోది ఎటు పోతుందో!

పాతసామాను_రవి
కొంటా, రబ్బరుదైతే. జత కలిస్తే నీకే ఇచ్చేస్తా.

వైజాగ్_అల
ముంబయి వెర్సోవా బీచ్ సంగతి ఇక్కడ ఎవరూ ఎత్తలేదేంటి? అఫ్రోజ్ షా అనే లాయరు 2015 అక్టోబర్‌లో పక్కింటి పెద్దాయనతో కలిసి ఇద్దరే మొదలుపెట్టారు. 2016లో ఐక్యరాజ్యసమితి అవార్డు వచ్చింది. అంత పేరొచ్చాక కూడా 2017 నవంబర్‌లో ఆయన పని ఆపేశాడు. వలంటీర్లను తిట్టినవాళ్లు కొందరు, దానికి తోడు పోగేసిన చెత్త ఎత్తకపోవడం. అంటే గౌరి ట్రాలీ సమస్యే! మళ్లీ మొదలుపెట్టాడు. 2018 మార్చిలో ఆ బీచ్‌లో ఆలివ్ రిడ్లీ తాబేలు పిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చి సముద్రంలోకి వెళ్లాయి. చాలా ఏళ్ల తర్వాత.

మా వైజాగ్‌లో కూడా ఆ తాబేళ్లు చలికాలం చివర్నుంచి గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ నెలల్లో బీచ్ శుభ్రం చేయాలంటే చేత్తోనే ఏరాలి, యంత్రాలు తోలితే ఇసుక కింద గుడ్లు చితికిపోతాయి. శుభ్రం చేసే ఉత్సాహంలో ఇలాంటివి మర్చిపోతారు జనం.

బోటనీ_మేడం
అల చెప్పిన చివరి మాట దగ్గర నేను కూడా ఆగుతాను, ఎందుకంటే నాకు అసలు దిగులు అదే. పట్నంలో శుభ్రం అంటే చాలామందికి పార్కు గుర్తొస్తుంది. ఎండుటాకులు ఊడ్చేయడం, పొదలు నరికేయడం, బండలకు సున్నం కొట్టడం, మధ్యలో పేవర్ బ్లాకులు. ఒక గుంపు ఇంకో గుట్ట మీద ఎండుటాకులన్నీ కుప్ప చేసి అంటించడం నేను కళ్లారా చూశాను. ఆకుల కింద తేళ్లు, జెర్రులు, పురుగులు, వాటిని తినే తొండలు, వాటిని తినే పాములు, గద్దలు, అదంతా ఒక బతుకు. ఆకు చెత్త కాదు. కొమ్మ చెత్త కాదు. పుట్ట చెత్త కాదు.

ఏది తీయొచ్చో కూడా చెప్తాను. వయ్యారిభామ తీయొచ్చు, పూత రాకముందే వేళ్లతో పీకాలి, చేతులకు గ్లౌజు ఉండాలి, కొందరికి ఒళ్లంతా దురద, ఆయాసం వస్తాయి. సర్కారు తుమ్మ జోలికి మాత్రం తొందరపడి వెళ్లకండి. అది పరాయిదే, నిజం. కానీ ఇప్పుడు దాంట్లో పిట్టలు గూళ్లు పెట్టుకుంటున్నాయి, మొదలు నరికితే ఇంకా గుబురుగా చిగురిస్తుంది.

ఇంకొకటి. మార్చి నుంచి ఆగస్టు మధ్య తీతువు పిట్ట నేల మీదే గుడ్లు పెడుతుంది. గూడు ఉండదు, గులకరాళ్ల మధ్య చిన్న గుంట, గుడ్లు కూడా రాళ్ల రంగులోనే మచ్చలతో ఉంటాయి. పక్కనే నిలబడినా కనిపించవు. పిట్ట తల మీదికి వచ్చి గోల చేస్తే అపశకునం అనుకోకండి, కాలు అక్కడే ఆపండి, చుట్టూ చూసి వెనక్కి తిరిగి వేరే దారిన వెళ్లండి.

గుట్టమీద_గౌరి
మేడం, బండల మీద స్ప్రే పెయింటు రాతలు ఉన్నాయి, గుండె బొమ్మలు, బాణాలు, పేర్లు. థిన్నర్‌తో తుడిచేద్దామని మా వాళ్లు అంటున్నారు. చేయొచ్చా?

బోటనీ_మేడం
వద్దు. బండ మీద బూడిదరంగు, పసుపు, నారింజ మరకల్లా కనిపిస్తాయే, అవి లైకెన్లు, ప్రాణమున్నవి. బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు కూడా వాటి చుట్టమే. ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లు పెరగడం కూడా వాటికి గొప్పే. థిన్నర్ పోస్తే పెయింటుతో పాటు అవీ పోతాయి, కారిన నీళ్లు కింద గుంటల్లోకి చేరతాయి. వానాకాలంలో ఆ గుంటల్లోనే కప్పపిల్లలు ఈదుతుంటాయి. యాసిడ్ అయితే అసలే వద్దు. చుట్టూ ఏమీ పెరగని నున్నటి చోట మాత్రం గట్టి బ్రష్షు, నీళ్లతో ప్రయత్నించండి. మిగతాది ఎండకు, వానకు వదిలేయండి.

రాతిపిచ్చి
ఒక రాత నేను చాలా ఏళ్లుగా చూస్తున్నా. ఆ జంటకు ఈపాటికి పిల్లలు బడికి వెళ్తుండాలి.

కన్నతల్లి_కూకట్‌పల్లి
మా వాడు కూడా ఇలాంటి గ్రూపులో చేరతానంటున్నాడు, ఇంటర్ సెకండియర్. నాకేమో పాములంటే టెన్షన్. సీసా పెంకులు గుచ్చుకుంటే? ఎవరు బాధ్యులు? నిజంగా అడుగుతున్నాను, ఆపాలని కాదు.

ఎన్ఎస్ఎస్_మాజీ
అమ్మా, అడగాల్సిన ప్రశ్నే. బూట్లు తప్పనిసరి, చెప్పులతో వచ్చినవాణ్ని పైకి ఎక్కించకూడదు, వాడు ఎంత బతిమాలినా సరే. తోటపని మందం గ్లౌజులు. రాళ్ల సందుల్లో, పొదల్లో చెయ్యి పెట్టకూడదు, పొడుగు పటకారుతోనే తీయాలి. పటకారు అందకపోతే ఆ ప్యాకెట్ అక్కడే ఉండనీ, కొంపలేం మునగవు. సూదులు కనిపిస్తే ముట్టుకోకుండా పెద్దవాళ్లను పిలవాలి. ధనుర్వాతం టీకా వేయించుకున్నారో లేదో ముందే అడగాలి. పద్దెనిమిది నిండనివాళ్లకు ఇంట్లోవాళ్ల సంతకం. పాము కనిపిస్తే వెనక్కి జరగడమే. రాయి తీయకూడదు, వీడియో తీయకూడదు. కరిస్తే కట్లు కట్టడాలు, కోయడాలు వద్దు, కదలకుండా ఉంచి నేరుగా పెద్దాసుపత్రికి. ఎండ ముదరకముందే కిందికి దిగిపోవాలి.

కన్నతల్లి_కూకట్‌పల్లి
సంతకం పెడతాను. బూట్లు కొనాలి ముందు.

హెచ్‌సీయూ_సీనియర్
చెత్త ఏరడం చిన్న పని అనుకునేవాళ్ల కోసం ఒక మాట. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు వచ్చినప్పుడు మా హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు అడ్డంగా నిలబడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుని చెట్లు కొట్టడం ఆపమంది. అంతకుముందు ఆ అడవిలో తిరిగి, పిట్టలు, మొక్కలు, తాబేళ్ల పేర్లు రాసిపెట్టుకున్న పిల్లలు ఉండబట్టి అక్కడ ఏముందో గట్టిగా చెప్పగలిగాం. లేకపోతే ‘పనికిరాని పొదలు’ అన్నమాటే చెల్లేది. గౌరీ, చెత్తతో పాటు మీరు చూసిన జీవాల ఫొటోలు, తేదీలు కూడా దాచండి.

పన్నుకట్టేవాడు
ఇది బాగుంది. నేను మొదట చెప్పింది వెనక్కి తీసుకోను, ప్రభుత్వం చేయాల్సిందే. కానీ దరఖాస్తుల పని నేను చేసిపెడతా, నా ఉద్యోగం అంతా ఫైళ్లతోనే గడిచింది. ముందు తెలియాల్సింది ఆ నేల ఏ శాఖ కింద ఉంది అన్నది. రెవెన్యూనా, ఇంకోటా, గుడి, దర్గా హద్దులు ఎక్కడిదాకా? సర్వే నంబర్లతో సమాచార హక్కు దరఖాస్తు పెడితే 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. సరైన ఆఫీసుకు రాసిన ఒక్క ఉత్తరం, పదిచోట్లకు రాసిన పది ఉత్తరాల కన్నా నయం.

రెండోది, బండ్లు ఎక్కే దారి. పార్టీల చెత్త మనుషులు మోసుకెళ్తారు, ఇళ్లు కూల్చిన మట్టి, పెంకులు ట్రాక్టర్లలో వస్తాయి. వాటిని తీసుకోవడానికి నగరంలో జీడిమెట్లలో, ఫతుల్లగూడలో ప్లాంట్లు ఉన్నాయి, అయినా రాత్రిపూట గుట్ట పక్కన దించేస్తారు, డీజిల్ మిగులుతుందని. ఆ దారికి అడ్డంగా పెద్ద బండలు పెట్టించమని అడుగుదాం. మనిషి నడిచి వెళ్లగలగాలి, ట్రాక్టర్ వెళ్లకూడదు. ఇది పిల్లలు సొంతంగా చేయకూడదు, ఆ నేల చూసే శాఖే చేయాలి. ఉత్తరం నేను రాస్తాను.

గుట్టమీద_గౌరి
అంకుల్, మీరు ఆదివారం ఒకసారి రండి, దారి చూపిస్తాను. ట్రాక్టర్ చక్రాల గుర్తులు రెండు చోట్ల ఉన్నాయి.

పన్నుకట్టేవాడు
మోకాళ్ల నొప్పులు, పైకి ఎక్కలేను. కింద దాకా వస్తా.

వైజాగ్_అల
చిప్స్ ప్యాకెట్లు పారేసే ముందు కంపెనీల వారీగా లెక్క పెట్టి రాసుకోండి. 2022 ఫిబ్రవరిలో కేంద్రం ఇచ్చిన నిబంధనల ప్రకారం ప్యాకింగ్ ప్లాస్టిక్‌ను వెనక్కి సేకరించే బాధ్యత ఆ సరుకు అమ్మే కంపెనీలదే. మీ చేతిలో ఒక సీజను లెక్క ఉంటే అంకుల్ ఉత్తరానికి బలం వస్తుంది.

గుట్టమీద_గౌరి
ప్యాకెట్లు లెక్కపెట్టొచ్చు గానీ నన్ను ఏడిపించేది ఇంకొకటుంది. పుట్టినరోజు పార్టీల్లో పేల్చే పాపర్ల మెరుపు కాగితాలు. వేలిగోరంత ముక్కలు, బంగారు రంగు, ఎరుపు, నీలం. బండ పగుళ్లలో ఇరుక్కుంటాయి, గడ్డి మొదళ్లకు చుట్టుకుంటాయి, వాన గుంటల్లో తేలుతుంటాయి. పటకారుకు అందవు, చీపురుతో ఊడిస్తే మట్టితో పాటు వస్తాయి. ఒక పగులు ముందు మా చెల్లి, ఇంకో అమ్మాయి పొద్దున్నంతా కూర్చుని ఏరితే గుప్పెడు వచ్చాయి. పార్టీ చేసుకున్నవాళ్లకు అది ఒక్క క్షణం సరదా.

నామాలకోడి
పార్టీలు ఎక్కువగా శనివారం సాయంత్రమే కదా. ఆదివారం పొద్దున ఏరే బదులు మీలో సగం మంది శనివారం సాయంత్రం ఎక్కే దారి దగ్గర నిలబడండి. గొడవ పెట్టుకోకుండా ఒక సంచి చేతిలో పెట్టి, ‘దిగేటప్పుడు నిండింది మాకు ఇవ్వండి, పాపర్ మాత్రం పైన వద్దు’ అని చెప్పండి. మా చెరువు దగ్గర ఇలా చేస్తే సంచి తీసుకున్నవాళ్లలో చాలామంది తిరిగిచ్చారు. చీకటి పడకముందే దిగిపోండి, ఆడపిల్లలు ఒంటరిగా వద్దు, తాగి ఉన్నవాళ్ల జోలికి వెళ్లొద్దు.

ఎన్ఎస్ఎస్_మాజీ
గుడి వాళ్లను, దర్గా వాళ్లను కూడా కలుపుకోండి. వాళ్లు రోజూ ఉండేవాళ్లు, వాళ్ల మాటకు విలువ ఉంటుంది. పూజ సామాను కవర్లు, చాదర్ల ప్యాకింగు ఎక్కడ వేయాలో ఇద్దరూ ఒకేసారి చెబితే జనం వింటారు.

గుట్టమీద_గౌరి
మా గ్రూపులో ఇప్పుడే మాట్లాడాను. అనంత పద్మనాభస్వామి గుడి దగ్గర్నుంచి పైకెళ్లే ముక్క ఒక్కటే తీసుకుంటున్నాం, వేసవి దాకా అదే. శనివారం సాయంత్రం ఒక జట్టు, ఆదివారం పొద్దున ఒక జట్టు. గాజు డబ్బాలకు, తక్కినవి రెండు రకాల సంచులకు. కిందికి తెచ్చిన ఏ బస్తా కూడా రోడ్డు మీద వదలం, బండి రాకపోతే మా స్నేహితుడి ఆటోలో రవి అన్న షాపుకు, కొననిది మా కాలనీ బండికి. అక్కడ బండి మీద వచ్చే అక్క సోమవారం ఆరింటికి వస్తుందట, రేపు వెళ్లి కలుస్తున్నాను.

అమ్మచీపురు
టీ తాగించండి ఆమెకు. ఒక బస్తా పది కిలోలు దాటనివ్వకండి.

పాతసామాను_రవి
పెయింటు డబ్బాలు నా దగ్గర ఆరు ఖాళీగా ఉన్నాయి, కడిగి పెడతా, డబ్బులొద్దు. శనివారం మధ్యాహ్నం అటు ట్రిప్పు ఉంది, గుడి దగ్గర దించేస్తా. తీసుకునేవాళ్లు ఎవరు?

గుట్టమీద_గౌరి
మా చెల్లీ వాళ్ల క్లాసువాళ్లు నాలుగింటికల్లా అక్కడ ఉంటారన్నా.